రెండున్నర మూరల దూరం

మాఘ శుద్ధ దశమి
ఉప్పు 204. ఏడు వాల్వులూ తెరిచే ఉన్నాయి.

కోటిలింగం, సాయంత్రం డ్యూటీకి వచ్చి ఇది చదివి నవ్వుకుంటే నవ్వుకో తమ్ముడూ. చేతిపుస్తకంలో అంకెలు తప్ప ఇంకేం రాయకూడదని నాకూ తెలుసు. కానీ యంత్రం రాసేవన్నీ మనల్ని ఏలే మండలికి పోతాయి. ఈ కాగితం పుస్తకం కరెంటిచ్చే ఎండ పలకలు పనిచెయ్యని రోజు కోసమని ఉంచారు, నువ్వూ నేనూ తప్ప దీన్ని తెరిచేవాళ్ళు లేరు. ఇవాళ నా గుండెలో పట్టనంత సంతోషం ఎక్కడో ఒకచోట దించుకోవాలి గదా.

నా కూతురు వచ్చింది. నాలుగేళ్ళ కిందట చదువుకోవడానికి ఉత్తరపు దిబ్బలకు వెళ్ళిన మా పోలమ్మ, తల నున్నగా గొరిగించుకుని, కాషాయం కట్టుకుని, ఉత్పల అనే కొత్త పేరుతో మన విహారపు దిబ్బకే భిక్షుణిగా వచ్చింది. పడవ దిగుతుంటే రేవులో చూశాను. పుట్టినప్పుడు నా అరచేతిలో పట్టిన పిల్ల, పది మంది వరసలో చివర నడుస్తూ తల పక్కకు కూడా తిప్పలేదు. చూశావా ఎంత నిబ్బరమో అని పక్కనున్న పడవవాడితో అన్నాను. వాడికి నేనెవరో కూడా తెలీదు, అయినా తలూపాడు. మంచివాడు.

రేపు పొద్దున మా వీధికి భిక్షకు వస్తారు. తొట్లలో పండే బియ్యంలో రాళ్ళుండవని తెలిసి కూడా మీ వదిన మాణిక్యం మూడుసార్లు ఏరింది. ముప్పై రెండేళ్ళుగా ఈ నీటింట్లో సముద్రం నీళ్ళలోంచి ఉప్పు తీసి ఏడు దిబ్బలకు తాగునీరు పంపుతున్నాను. అందరి గొంతులోకీ నా చేతి నీళ్ళు దిగాయి. నా బిడ్డ పాత్రలో ఒక గరిటె అన్నం వెయ్యడం మాత్రం రేపే మొదలు.

మాఘ శుద్ధ ఏకాదశి
ఉప్పు 206. ఏడూ తెరిచే.

వెయ్యలేదు తమ్ముడూ.

పొద్దు పొడుస్తూనే వచ్చారు. ముందు పెద్ద భిక్షుణి సుమేధ గారు, చివర మా అమ్మాయి. పక్కింటి వలలు అల్లే వాళ్ళ దగ్గర తీసుకున్నారు. మా గుమ్మం ముందు ఆగి, గుమ్మానికి కొట్టిన నీలం పలక చూశారు. మండలి మనిషి అని రాసి ఉంటుంది గదా, నీ గుమ్మానికీ ఉంది. అప్పుడు ఒకరి తర్వాత ఒకరు, పది మందీ, చేతిలోని పాత్రలు బోర్లించారు. మా అమ్మాయిదీ. చప్పుడు లేదు, కోపం లేదు. బోర్లించిన పాత్రను పొట్టకు ఆనించుకుని ఒక్క క్షణం నిలబడి వెళ్ళిపోయారు.

నేను గరిటె పట్టుకుని అలాగే ఉన్నాను. మాణిక్యం మాత్రం వీధిలోకి దిగింది.

"ఎందుకమ్మా, మేమేం చేశాం?"

సుమేధ గారు వెనక్కి తిరిగారు. "గట్టుపాలెం రేవులో ఓట్లు పెట్టండని పలకలు పట్టుకున్న నలభై ఒక్క మందిని మండలి పట్టుకుపోయింది. ఆరు నెలలైంది. ఎక్కడున్నారని మూడుసార్లు అడిగాం. జవాబు లేదు. నిన్న మా భిక్షుణుల సంఘం కూర్చుని తీర్మానం చేసింది. మండలి చేతి నుంచీ, మండలి జీతం తినే చేతి నుంచీ అన్నం పుచ్చుకోం."

బౌద్ధులకు ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. కొట్టరు, తిట్టరు. నీకు పుణ్యం చేసుకునే దారి మూసేస్తారు, అంతే. మా తాత చెప్పేవాడు గానీ, మన కాలంలో చూస్తాననుకోలేదు.

ఇంట్లోకి వచ్చి మాణిక్యం అన్నం గిన్నె మీద మూత పెట్టి, "ముప్పై రెండేళ్ళు చేశావుగా ఉద్యోగం. తిను" అంది.

నిజం చెప్పనా, ఏడుపూ వచ్చింది, గర్వమూ వచ్చింది. కన్న తండ్రి ముందు పాత్ర బోర్లించడానికి ఎంత గట్టి మనసుండాలి. దాని చెయ్యి వణకలేదు. నేను చూశాను.

మాఘ పౌర్ణమి
ఉప్పు 201. ఏడూ తెరిచే.

ఇవాళ రేవులో జరిగింది నువ్వు చూడలేదు, నాకు బదులు డ్యూటీలో ఉన్నావు. రాస్తున్నాను.

మండలి అధినేతను మనిషిగా చూసినవాడు మన దిబ్బల్లో ఒక్కడూ లేడు గదా. పదకొండేళ్ళ కిందట కట్ట తెగినప్పుడు ఇసుక బస్తాలు మోయడానికి వచ్చిన సైన్యం మళ్ళీ వెనక్కి పోలేదు, అప్పటినుంచీ ఆయన అరవై మైళ్ళ అవతల మెట్ట మీది కోటలోనే. పౌర్ణమి పొద్దున మాత్రం రేవు పందిట్లో వెలుగు బొమ్మగా లేస్తాడు. నల్లటి జుట్టు, నిటారైన నడుం. ఆ బొమ్మ గరిటె తిప్పుతుంటే పక్కన ఇనుప చెయ్యి నిజం అన్నం వడ్డిస్తుంది. అది ఏడు దిబ్బల గోడల మీదా కనబడుతుంది. చూడండి, సంఘం ఆయన అన్నం తింటోంది, ఆయన ధర్మాత్ముడు అని.

ఇవాళ అరవై ముగ్గురు భిక్షుణులూ వరసగా వచ్చారు. మొదట సుమేధ గారు పాత్ర బోర్లించారు. ఇనుప చేతికి ఏం తెలుస్తుంది. బోర్లించిన పాత్ర వీపు మీద అన్నం వేసింది. అన్నం జారి చెక్కల మీద పడింది. తర్వాత ఇంకొకరు, మళ్ళీ వేసింది. అరవై మూడు గరిటెలు. బొమ్మ నవ్వుతూనే ఉంది. రేవు చెక్కల మీద అన్నం జానెడెత్తు పేరుకుంది, కాకులు కూడా దిగలేదు.

సుమేధ గారు బొమ్మతో కాదు, జనంతో మాట్లాడారు. "దానం ఇచ్చేవాడు పుచ్చుకునేవాడికి రెండున్నర మూరల లోపల ఉండాలి. చేతితో ఇవ్వాలి. అది మా నియమం. పదకొండేళ్ళు మేం ఎవరూ ఇవ్వని అన్నం తిన్నాం. ఆ తప్పు మాది, ఒకరి ముందొకరం ఒప్పుకున్నాం. నలభై ఒక్క మందిని దాచి మాకు అన్నం పెడతాననడం ఆయన తప్పు. ఆయన ఒప్పుకోవాలి."

గోడల మీది బొమ్మ చటుక్కున ఆరిపోయింది.

మాఘ బహుళ తదియ
ఉప్పు 210. ఏడూ తెరిచే.

అధినేత దిగివచ్చాడు. పొద్దున్నే అన్ని గోడల మీదా లేచి, ఇరవై మందిని వదిలేస్తున్నాను, రెండేళ్ళలో ఓట్లు పెడతాను, విహారానికి కొత్త పడవలు ఇస్తాను అన్నాడు. వీధిలో మనుషులు ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నారు. నేను డ్యూటీకి పోయే ముందే మాణిక్యంతో అన్నం వండించి, మూకుడుతో సహా పడవెక్కి విహారపు దిబ్బకు వెళ్ళాను. అయిపోయిందనే అనుకున్నాను. తొందరపాటు మనిషిని, నీకు తెలుసు గదా.

మా అమ్మాయి గేటు దగ్గర ఊడుస్తోంది. భిక్షుణిని ఏమని పిలవాలో తెలియక, "అమ్మగారూ, నువ్వు... మీరు... తిన్నావా?" అన్నాను.

నవ్వింది. "నువ్వనే అను నాన్నా. తినలేదు. ఆ మూకుడు కింద పెట్టు, చెయ్యి కాలుతుంది."

"ఆయన ఒప్పుకున్నాడు గదమ్మా. ఇరవై మందిని వదిలాడు."

"మిగతా ఇరవై ఒక్కరు?"

మూకుడు కింద పెట్టాను.

"బొమ్మతో ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టు కాదు నాన్నా. మనిషి రావాలి. మోకాళ్ళ మీద కూర్చుని మూడుసార్లు అడగాలి. అప్పుడు సంఘం మళ్ళీ కూర్చుంటుంది. చిన్న చేపలమ్మేవాడైనా అంతే, ఆయనైనా అంతే."

"ఆయన రాడమ్మా. అంతటివాడు ఎలా వస్తాడు."

"అరవై మైళ్ళే గదా" అంది, మళ్ళీ చీపురు తీసుకుంటూ. "అమ్మ మోకాలు నొప్పి ఎలా ఉంది?"

చెప్పాను. చాలాసేపు చెప్పాను. నా మూకుడు మా ఇద్దరి మధ్యా నేలమీదే ఉంది. తిరిగి తెచ్చుకున్నాను.

మాఘ బహుళ అష్టమి
ఉప్పు 215. ఏడో వాల్వు మూసి ఉంది.

ఏడోది విహారపు దిబ్బకు పోయే గొట్టం. మూసింది నేనే.

సుబేదారు పరంజ్యోతి కాగితం తెచ్చాడు. మన దిబ్బ సైనికులందరికీ అతనే పెద్ద. కట్ట మీద ఆడుకున్న పిల్లాడు, నన్ను బాబాయ్ అనే పిలుస్తాడు.

"ఏడోది కట్టెయ్యి బాబాయ్. పైనుంచి ఆర్డరు."

"మాఘం వెళ్ళిపోతోంది బాబూ. ఎండలు మొదలయ్యాయి. వాళ్ళ తొట్టిలో నాలుగు రోజుల నీళ్ళు కూడా ఉండవు."

"నాకు తెలుసు. నువ్వు కట్టకపోతే వేరేవాడితో కట్టిస్తారు. నిన్ను గట్టుపాలెం వాళ్ళ పక్కన కూర్చోబెడతారు." కిటికీ బయటికి చూస్తూ అన్నాడు, నా మొహం చూడలేదు. "మా అమ్మ కూడా తిట్టింది నన్ను. ఏం చెయ్యమంటావ్."

చక్రం తిప్పాను. పదకొండు చుట్లు. ప్రతి చుట్టుకీ మా అమ్మాయి అక్కడుందని అనుకుంటూనే తిప్పాను. భయం తమ్ముడూ. అంతకంటే కారణం లేదు. ముసలివాణ్ణి, మోకాలు నొప్పి పెళ్ళాం ఉందని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ పెళ్ళాం నేను ఇంటికి వెళ్ళేసరికి చీరలు మూట కట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

"మా తమ్ముడింటికి పోతున్నా. వలలల్లుకునే కొంప, నీలం పలక లేదు. అక్కడ తింటే నా చేతి అన్నం పుచ్చుకుంటారు."

"నన్నొదిలేసి పోతావా ఈ వయసులో?"

"నిన్నెందుకు వదుల్తా? నీ జీతాన్ని వదుల్తున్నా. నీళ్ళు కూడా అక్కడినుంచే బిందెల్తో పడవలో తీసుకెళ్తాం. నువ్వు కట్టిన నీళ్ళు మేం మోస్తాం, నువ్వు హాయిగా చక్రం పట్టుకు కూర్చో."

మాఘ బహుళ చతుర్దశి
ఉప్పు 215. ఏడోది మూసే ఉంది. ఆరు రోజులు.

మండలి జీతం లేని ఇళ్ళన్నీ పడవల్లో బిందెలు మోస్తున్నాయి. అరవై మూడు గొంతులకు అవి ఏం చాలతాయి. మాణిక్యం రోజూ పొద్దున మా అమ్మాయి పాత్రలో ముద్ద వేస్తోందట. నాకంటే ముందు వేసింది. అసూయ పడ్డానంటే పాపం గానీ, పడ్డాను. వెంటనే ఒక తండ్రి ఎంత సంతోషపడాలో అంతా పడ్డాను, ఎవరిదో ఒకరిది, మా ఇంటి చెయ్యే గదా.

మధ్యాహ్నం మాణిక్యం నీటింటి గుమ్మం దాకా వచ్చి బయటే నిలబడింది. "దాని పెదాలు పగిలాయయ్యా. ముసలి భిక్షుణులకు తన వంతు పోస్తోంది. నేను చూస్తుండగా పోసింది. నేనేమీ అనలేకపోయాను. చెప్పిపోదామని వచ్చా." ఇంకేం అడగలేదు. తిట్టను కూడా లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఫాల్గుణ శుద్ధ పాడ్యమి
ఉప్పు 204. ఏడో వాల్వు తెరిచాను. పొద్దున ఆరింటికి. వాడపల్లి జాలయ్య.

పేరు రాయాల్సిన పని లేదు, నా రాత నీకు తెలుసు. అయినా రాశాను. యంత్రం కూడా అడిగింది, ఎవరి ఆజ్ఞ అని. ఎవరిదీ కాదు అన్నాను. కారణం చెప్పమంది. దాహం అన్నాను. అలాంటి కారణం తన జాబితాలో లేదంది. చేర్చుకో అన్నాను.

పదకొండు చుట్లు వెనక్కి తిప్పేటప్పుడు నా చేతులు కుర్రవాడి చేతుల్లా తిరిగాయి. గొట్టంలో ముందు గాలి గురగురమని కదిలి, తర్వాత నీళ్ళ బరువు వచ్చి చక్రం అదిరింది. ఆ అదురు నా భుజాల దాకా వచ్చింది. నవ్వుతూ అక్కడే నేలమీద కూర్చున్నాను. పట్టుకుపోవడానికి వస్తారు గదా అని ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాను ఇవాళ.

నీకు ఏమీ తెలియదని చెప్పు. నిజంగానే తెలియదు గదా.

ఫాల్గుణ శుద్ధ పంచమి
ఉప్పు 203. ఏడూ తెరిచే.

నాలుగు రోజులు ఎవరూ రాలేదు. ఇవాళ పరంజ్యోతి వచ్చాడు, ఒక్కడే. చేతిలో తుపాకీ లేదు, స్టీలు క్యారేజీ ఉంది. కూర్చున్నాడు. ఏడో వాల్వు వంక చూశాడు.

"అమ్మ పోయింది బాబాయ్. ఏడు రోజులైంది ఇవాళ్టికి."

రేవులో పుల్లట్లు అమ్మిన మనిషి, సముద్రం కంటే పెద్ద గొంతు.

"ఏడో రోజు అన్నం విహారానికి తీసుకెళ్ళాను. యూనిఫాం లేకుండానే వెళ్ళాను. గేటు తీశారు, కూర్చోమన్నారు, అమ్మ కోసం బుద్ధుడి సుత్తాలు చదివారు. చదివి పాత్ర బోర్లించారు. మీ అమ్మాయే బోర్లించింది." క్యారేజీ మూత తీసి మళ్ళీ పెట్టాడు. "తనూ ఏడ్చింది. ఏడుస్తూనే బోర్లించింది. ఇది ఏం చెయ్యను బాబాయ్? ఇది తిననూ లేను, పారెయ్యనూ లేను."

"తీసుకొచ్చావుగా, ఇక్కడ పెట్టు బాబూ."

"అమ్మ అన్నం ఎవరూ ముట్టకుండా పోతే, ఇంకెందుకు నేను సుబేదారునై."

క్యారేజీ నా బల్ల మీద పెట్టాడు. తర్వాత అతను చెప్పింది విను. మిగతా ఆరు దిబ్బల సుబేదార్లకూ ఇదే గోడు. ఒకరి తండ్రి, ఒకరి బిడ్డ పేరు పెట్టే రోజు, ఒకరి అత్త. సైనికుల తల్లులు కొడుకుల కంచంలో అన్నం వడ్డించడం మానేశారట, సంఘం తినని అన్నం నువ్వు మాత్రం ఎందుకు తినాలి అని. ఏడుగురూ కలిసి కోటకు కబురు పెట్టారు. అధినేత స్వయంగా వచ్చి అడిగేదాకా డ్యూటీ చెయ్యం అని.

"నువ్వు కూడా రాశావా?"

"మొదటి సంతకం నాదే." లేచి, ఏడో చక్రం మీద చెయ్యి వేసి గట్టిగా బిగిసి ఉందో లేదో చూశాడు. తెరిచే వైపు. "దీన్నెవరైనా కట్టమంటే నన్ను పిలువు" అన్నాడు.

ఫాల్గుణ పౌర్ణమి
ఉప్పు 198. ఏడూ తెరిచే.

ఇది రాయడానికి నా చదువు చాలదు. ఐదో తరగతి దగ్గర ఆపిన అయ్యవారి మీద కోపం వస్తోంది ఇవాళ. అయినా ఒక్క ముక్క వదలకుండా రాస్తాను.

ఆయన వచ్చాడు. పొద్దున ఎనిమిదింటికి మామూలు సైన్యం పడవలో వచ్చాడు. పందిట్లో బొమ్మ లేవలేదు. ఇద్దరు పట్టుకుని దింపారు. ముసలివాడు తమ్ముడూ. నాకంటే ముసలివాడు. జుట్టు లేదు, ఎడమ చెయ్యి వణుకుతోంది, కాళ్ళ వాపు చెప్పుల్లోంచి బయటికి వచ్చింది. పదకొండేళ్ళుగా మనం భయపడింది ఈయనకా అని జనం మొహమొహాలు చూసుకున్నారు. ఎవరూ అరవలేదు.

అరవై ముగ్గురూ కూర్చుని ఉన్నారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం చెయ్యలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. సుమేధ గారి ముందు, రెండున్నర మూరల లోపల.

కాగితం చూసి చదివాడు. మిగిలిన ఇరవై ఒక్కరిలో పదిహేడు మంది ఇవాళే పడవల్లో వస్తున్నారు. ఓట్లు ఈ వానలకు ముందే. సైన్యం రేవులు వదిలి మళ్ళీ కట్ట దగ్గరికి పోతుంది.

"నలుగురు?" అన్నారు సుమేధ గారు.

"లేరు" అన్నాడు.

కట్టకు నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు ఒక్కటే.

"వాళ్ళ పేర్లు చెప్పి అడగండి. కాగితం లేకుండా."

మొదటి పేరు చెప్పాడు. రెండోది చెప్పాడు. మూడోది తడుముకుని చెప్పాడు. నాలుగోది రాలేదు. పక్కనున్న ఆఫీసరు వంక చూశాడు. ఆఫీసరు కాగితం తీయబోతే సుమేధ గారు వద్దన్నట్టు చూశారు. ఆయన తల దించుకుని కూర్చున్నాడు. నా పక్కన ఒకామె ఊపిరి తీసుకోవడం నాకు వినబడుతోంది.

ఆమే ముందుకు నడిచింది. సోమాలమ్మ, గట్టుపాలెంలో పీతలమ్మే ఆమె. వెళ్ళి ఆయన పక్కన నిలబడి, "ఏడుకొండలు. నా కొడుకు. పాతికేళ్ళు" అంది. తిట్టలేదు. పిల్లాడికి పాఠం చెప్పినట్టు మళ్ళీ చెప్పింది. "ఏడుకొండలు."

"ఏడుకొండలు" అన్నాడు ఆయన. మూడుసార్లు క్షమాపణ అడిగాడు. మూడుసార్లూ నాలుగు పేర్లూ చెప్పాడు, తడుముకోకుండా.

సంఘం కూర్చుంది. తీర్మానం చదివారు. ఒప్పుకోనివాళ్ళు మాట్లాడండి, ఒప్పుకున్నవాళ్ళు మౌనంగా ఉండండి అన్నారు. సోమాలమ్మ వైపు కూడా చూశారు, ఆమె సంఘంలో మనిషి కాకపోయినా. ఆమె ఏమీ అనలేదు. అప్పుడు అరవై మూడు పాత్రలూ ఒక్కసారి వెల్లకిలా తిరిగాయి.

ఆయన చేతికి గరిటె ఇచ్చారు. చెయ్యి వణికి సగం అన్నం నేల పాలైంది. మిగతా సగం సుమేధ గారి పాత్రలో పడింది. అది క్షమో కాదో నాకు తెలియదు. సోమాలమ్మ మాత్రం వెనక్కి తిరిగి వచ్చేసింది, చూడలేదు.

ఆయన తర్వాత మండలి జీతం తిన్నవాళ్ళం వరసలో నిలబడ్డాం. పరంజ్యోతి నా ముందున్నాడు, వాళ్ళమ్మ పేరు చెప్పి వడ్డించాడు. తర్వాత నేను. నా వంతుకు నా ఎదురుగా వచ్చింది మా అమ్మాయే. ఎవరైనా కావాలని నిలబెట్టారా అంటే, లేదు తమ్ముడూ, వరసలో చివర ఆమె, వరసలో చివర నేను.

మోకాళ్ళ మీద కూర్చున్నాను. "ఏడో వాల్వు మూశాను. భయపడి మూశాను. ఎనిమిది రోజులు మూసి ఉంచాను" అన్నాను. మూడుసార్లు అన్నాను.

ఆమె పాత్ర ముందుకు చాపింది. పెదాల మీద పగుళ్ళు ఇంకా మానలేదు. ఒక గరిటె వేశాను. చాలన్నట్టు ఆమె పాత్ర అంచు మీద చెయ్యి పెట్టింది, అది వాళ్ళ పద్ధతి. నేను చూడనట్టు ఆ చేతి పక్కనుంచి ఇంకో గరిటె వేశాను. వరస పక్కన నిలబడ్డ మాణిక్యం మోచేత్తో నా డొక్కలో పొడిచింది.

"చాలందిగా, వినపళ్ళా?"

"విన్నా" అని ఇంకొంచెం వేశాను.